మందను తప్పిన లోహం: డ్రాగన్ క్వెస్ట్‌లో మెటల్ స్లైమ్ ఎందుకు పారిపోతుంది

1986 మే 27న జపాన్‌లో నింటెండో వారి ఫామికామ్ గేమ్ యంత్రం కోసం విడుదలైన తొలి డ్రాగన్ క్వెస్ట్, రాక్షసులతో పోరాడుతూ ఒక వీరుణ్ణి పెంచుకుంటూ పోయే రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్, మొత్తం 64 కిలోబైట్ల కార్ట్రిజ్‌లో ఇమిడిపోయింది. ఈ రోజుల్లో ఫోనుతో తీసే ఒక్క ఫొటో అంతకు అనేక రెట్లు ఉంటుంది. అంత ఇరుకైన చోటులో ప్రతి రాక్షసికీ వేరే బొమ్మ పెట్టడం కుదరదు కనుక, ఒకే బొమ్మకు రంగు మార్చి రెండు మూడు ప్రాణులుగా వాడుకోవడం అప్పటి గేమ్ తయారీలో మామూలు పద్ధతి. ఆ గేమ్‌లో నీలి స్లైమ్, ఎర్ర స్లైమ్, మెటల్ స్లైమ్ మూడింటికీ బొమ్మ ఒక్కటే. నీటిబొట్టు ఆకారం, రెండు గుండ్రటి కళ్లు, చెవి నుంచి చెవి దాకా సాగిన నవ్వు. రంగు తీసేస్తే ఏది ఏదో చెప్పలేము. కానీ మొదటి రెండూ ఆట మొదట్లోనే ఎవరైనా కొట్టి పడేసే పురుగులైతే, మూడోది దాదాపు నలభై ఏళ్లుగా ఆ గేమ్ సిరీస్ ఆడేవారిని వెంట తిప్పుకుంటున్న ప్రాణి.

ఈ తేడా అంతా నాలుగు అంకెలలో ఉంది. తొలి గేమ్‌లో మెటల్ స్లైమ్ ప్రాణం 4, దాడి బలం 10, రక్షణ 255, దాన్ని చంపితే వచ్చే అనుభవ పాయింట్లు, అంటే వీరుడి లెవెల్‌ను పెంచే పాయింట్లు, 115. నాలుగు పాయింట్ల ప్రాణమంటే మామూలు స్లైమ్ కన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు. 255 మాత్రం అప్పటి ఎనిమిది బిట్ల యంత్రంలో ఒక బైట్ పట్టగలిగే అతి పెద్ద సంఖ్య. అంటే ఆ యంత్రం ఇవ్వగలిగిన గరిష్ఠ రక్షణను ఆ ప్రపంచంలోని అతి చిన్న శరీరానికి ఇచ్చారు. ఇక 115 ఎంతటిదో తెలియాలంటే పక్కన మరో అంకె పెట్టి చూడాలి. ఆట చివరి దశలో ఎదురయ్యే, నిప్పులు కక్కే ఎర్ర డ్రాగన్‌ను చంపితే వచ్చేది 100. మామూలు స్లైమ్‌ను చంపితే వచ్చేది 1. అప్పుడే ఆట మొదలుపెట్టిన వీరుడు అయిదో లెవెల్‌కు చేరడానికి మొత్తం 110 పాయింట్లు చాలు కనుక, మొదటి లెవెల్‌లో గనక ఒక్క మెటల్ స్లైమ్ పడితే ఒకేసారి నాలుగు మెట్లు ఎక్కేస్తాడు.

ఈ రూపం వెనక ఉన్న కథ కూడా చెప్పుకోవలసిందే. గేమ్ రూపకర్త యూజీ హోరీ ఇచ్చిన తొలి చిత్తుగీతలో స్లైమ్ ఒక ముద్దలాగా, కుప్పగా కారుతున్న జిగురులాగా ఉండేది. పాశ్చాత్య రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో అప్పటికే స్లైమ్ అంటే అలాంటి అసహ్యమైన జిగురే. బొమ్మలు గీసిన అకిరా టోరియామా దాన్ని నవ్వే నీటిబొట్టుగా మార్చాడు. ఈ మార్పు వల్ల కలిగిన అసలు లాభం మెటల్ స్లైమ్‌కే దక్కిందనిపిస్తుంది. జిగురు కుప్ప పారిపోతే ఎవరికీ ఏమీ అనిపించదు. నవ్వుతున్న ముఖం పారిపోతే మాత్రం ఎదుటివాడి మనసు చివుక్కుమంటుంది. పైగా, ఆట మొదట్లో వందలసార్లు ఓడించిన ఆ ముఖమే మెరుస్తూ తిరిగి వచ్చి ఏ దెబ్బకూ లొంగకపోతే, తెలిసినదే కొత్తగా కనబడినప్పుడు కలిగే ఆశ్చర్యం కూడా తోడవుతుంది.

ఇక యుద్ధం నడిచే తీరు చూద్దాం. తొలి గేమ్‌లో దెబ్బ లెక్క సులభమైనది. వీరుడి దాడి బలం నుంచి శత్రువు రక్షణలో సగం తీసివేస్తారు. మిగిలినదానిలో నాలుగో వంతుకూ సగానికీ మధ్య ఏదో ఒక అంకె దెబ్బగా తగులుతుంది. తీసివేస్తే ఏమీ మిగలకపోతే దెబ్బ సున్నా అయినా అవుతుంది, ఒకటి అయినా అవుతుంది, రెండింటికీ సమాన అవకాశం ఉంటుంది. మెటల్ స్లైమ్ రక్షణలో సగమంటే సుమారు 127 కనుక, ఆట నడుమ దశలో ఉన్న ఏ వీరుడి కత్తి అయినా దాని మీద సున్నా, ఒకటి మధ్యనే ఊగిసలాడుతుంది. మంత్రాలు దాదాపు ఎప్పుడూ పనిచేయవు. మిగిలిన ఒకే దారి జపాన్ భాషలో ‘కైషిన్ నో ఇచిగెకి’ అనే క్రిటికల్ దెబ్బ. అది రక్షణను లెక్క చేయదు, కానీ ముప్పై రెండు దెబ్బలకు ఒకటి చొప్పున మాత్రమే పడుతుంది. ఈలోగా మెటల్ స్లైమ్ చేతులు కట్టుకొని కూర్చోదు. ‘గిరా’ అనే మంటల మంత్రాన్ని మాటిమాటికీ ప్రయోగిస్తుంది, బలహీనుడైన వీరుడికి అది నిజమైన ప్రమాదమే.

దాని పారిపోయే గుణం వెనక ఒక చక్కటి సంగతి దాగి ఉంది. తొలి గేమ్‌లో పారిపోవడం మెటల్ స్లైమ్ కోసం ప్రత్యేకంగా రాసిన గుణం కాదు. వీరుడి బలం శత్రువు దాడి బలానికి రెట్టింపు లేదా అంతకు మించి ఉంటే, ఆ శత్రువు తన వంతు వచ్చిన ప్రతిసారీ నాలుగింట ఒక వంతు అవకాశంతో పారిపోతుంది. ఇది అన్ని రాక్షసులకూ వర్తించే సాధారణ నియమం. ఎదిగిన వీరుణ్ణి చూసి చిన్న ప్రాణులు బెదరడం సహజంగా కనిపించాలని పెట్టిన నియమమని అనుకోవచ్చు. మెటల్ స్లైమ్ దాడి బలం 10 మాత్రమే కనుక, దానికి ఎదురుపడే దాదాపు ప్రతి వీరుడూ ఆ రెట్టింపు హద్దును దాటే ఉంటాడు. బలహీనులకు వర్తించే పిరికితనపు నియమమూ బైట్‌లో పట్టే గరిష్ఠ రక్షణా ఒకే శరీరంలో కలిసినందువల్ల పుట్టిన స్వభావం ఇది. తర్వాతి భాగాలు ఆ స్వభావాన్ని గుర్తించి దానికి స్థిరమైన గుణంగా ఇచ్చాయి. కానీ మొదట అది రెండు సాధారణ నియమాలు కలిసిన చోట పుట్టింది. గేమ్ రూపకల్పనలో ఇంత పొదుపైన ఉదాహరణలు అరుదు.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. ప్రతి దెబ్బా ముప్పై రెండింట ఒక వంతు క్రిటికల్ అవుతుందనీ, లేకుంటే సగం సార్లు ఒకటి, సగం సార్లు సున్నా తగులుతుందనీ, ప్రతి దెబ్బ తరువాతా నాలుగో వంతు అవకాశంతో అది జారిపోతుందనీ అనుకుంటే, నాలుగు పాయింట్ల ప్రాణం ఉన్న మెటల్ స్లైమ్ వీరుడి చేతిలో చచ్చే అవకాశం సుమారు 24 శాతం. అంటే నాలుగుసార్లు ఎదురుపడితే మూడుసార్లు తప్పించుకుంటుంది. అయితే ఈ లెక్కలోని అసలు రుచి మొత్తం శాతంలో కన్నా మధ్యలోని మెట్లలో ఉంది. ఒక పాయింటు తగ్గి ప్రాణం మూడుకు చేరగానే అవకాశం 34 శాతానికి పెరుగుతుంది. రెండుకు చేరితే 51, ఒక్కటే మిగిలితే 81. అంటే ప్రతి చిన్న దెబ్బా ఆశను మరో మెట్టు ఎక్కిస్తుంది, ఆ తరువాత వచ్చే దాని వంతు అంతటినీ ఒక్కసారిగా లాగేసుకోవచ్చు. 115 పాయింట్లు ఎంత పెద్ద బహుమతి అయినా, ఒకే దెబ్బకు దొరికేదో దొరకనిదో అయి ఉంటే ఇంతటి ఉత్కంఠ ఉండేది కాదు. సగం దారి వచ్చాక చేజారిపోయేదే మనసులో నిలుస్తుంది.

రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఎదుగుదల మొదటి నుంచీ కూలి లెక్కలాంటిది. ఇన్ని రాక్షసులను చంపితే ఇన్ని పాయింట్లు, ఇన్ని పాయింట్లకు ఒక లెవెల్. తొలి డ్రాగన్ క్వెస్ట్‌లో చివరిదైన ముప్పయ్యో లెవెల్‌కు 65,535 పాయింట్లు కావాలి, ఇదీ పదహారు బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్యే. ఈ పద్ధతికి గొప్ప న్యాయం ఉంది. చేతి వేగం లేనివారైనా, అంతకుముందు ఎన్నడూ గేమ్ ఆడనివారైనా ఓపిక ఉంటే చాలు, గెలుస్తారు. హోరీ ఈ గేమ్‌ను ఉద్దేశించినది అలాంటివారికే. కానీ ఆ న్యాయంలోనే విసుగు కూడా ఉంది. ఫలితం ముందే తెలిసిన పని ఎంతసేపని చేస్తారు? మెటల్ స్లైమ్ ఈ ప్రశ్నకు జవాబు. దాని వల్ల కూలి లెక్క రద్దు కాలేదు. 65,535ను 115తో భాగిస్తే సుమారు 570 వస్తుంది కనుక, దానినే నమ్ముకుని చివరి లెవెల్‌కు చేరాలంటే అదీ పెద్ద శ్రమే. కానీ తరువాత ఎదురయ్యేది అదే కావచ్చునన్న ఆశ వల్ల, మధ్యలో వచ్చే మామూలు యుద్ధాలన్నిటికీ ఒక అర్థం వచ్చింది.

హోరీ ఇష్టంగా ఆడిన అమెరికన్ గేమ్ విజార్డ్రీ (1981)తో పోలిస్తే ఈ ఆలోచనలోని కొత్తదనం తెలుస్తుంది. అందులో మొదటి అంతస్తులోనే ఒక స్థిరమైన చోట మర్ఫీ దెయ్యాలు ఉండేవి. వాటి వల్ల ప్రమాదం తక్కువ, వచ్చే అనుభవం ఎక్కువ. ఆడేవారు ఆ గదిలోకి వెళ్లి, బయటకు వచ్చి, మళ్లీ వెళ్లి తమ బృందాన్ని పెంచుకునేవారు. లాభం మాటకొస్తే మర్ఫీ దెయ్యం, మెటల్ స్లైమ్ ఒకే కోవకు చెందుతాయి. కానీ దెయ్యం ఎప్పుడూ ఆ గదిలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. దాని దగ్గరికి వెళ్లడం గిడ్డంగికి వెళ్లి రేషన్ తెచ్చుకోవడం లాంటిది. మెటల్ స్లైమ్‌ను మాత్రం అడవిలో మృగాన్ని వెతికినట్టు వెతకాలి. జపాన్‌లో ఆడేవారు దీన్ని ‘మెటారు గరి’, అంటే లోహపు వేట అంటారు. ఆ పేరులోనే విషయమంతా ఉంది.

తొలి గేమ్‌లోని ఇంకో సంగతి దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆట చివర్లో వీరుడి సొంత బలం, రోతో ఖడ్గం కలిస్తే 127 అనే ఆ గోడను దాటిపోతాయి. అప్పుడు మెటల్ స్లైమ్ ఒక్క మామూలు దెబ్బకే పడిపోతుంది. కానీ ఆ దశకు చేరిన వీరుడికి దాని 115 పాయింట్లతో పెద్దగా పని ఉండదు. అవసరం ఉన్నప్పుడు అందని వస్తువు, అవసరం తీరిపోయాక సులభంగా దొరుకుతుంది. ఇది రూపకర్తలు కావాలని చేసినదో లెక్క అలా కుదిరిందో గానీ, మొత్తం గేమ్‌లోని నిశ్శబ్దమైన అందాలలో ఇదొకటి.

1987 జనవరిలో వచ్చిన రెండో భాగంలో ఈ కుటుంబంలోకి మరో ప్రాణి చేరింది. విషపు బురదలా నేలమీద పరుచుకుని ఉండే బబుల్ స్లైమ్ బొమ్మకు లోహపు రంగు వేసి ‘హగురె మెటారు’ అని పేరు పెట్టారు. ‘హగురె’ అంటే తనవారి నుంచి విడిపోయిన, గుంపును తప్పిన అని అర్థం. ఇంగ్లీషు అనువాదాలు దీన్ని మొదట మెటల్ బాబుల్ అనీ, ఎనిమిదో భాగం నుంచి లిక్విడ్ మెటల్ స్లైమ్ అనీ పిలిచాయి. రెండు పేర్లూ దాని శరీరాన్నే వర్ణిస్తాయి, దాని ఒంటరితనాన్ని వదిలేస్తాయి. తెలుగులో ‘మందను తప్పిన’ అనే మాట ఆ భావాన్ని చాలా దగ్గరగా పట్టుకుంటుంది. మందను తప్పిన పశువు ఎవరికి దొరికితే వారిది, ఎవరికీ దొరకకపోతే అడవిది. ఆ పేరు విన్న జపనీయుడికి దాని విలువ, అరుదుతనం, బెదురు అన్నీ ఒక్కసారే తోస్తాయి.

1988 ఫిబ్రవరిలో వచ్చిన మూడో భాగంలో బహుమతి అంకెలు ఒక్కసారిగా పెరిగాయి. మెటల్ స్లైమ్‌కు 4,140, హగురె మెటారుకు 40,200. అయితే ఆ గేమ్‌లో అనుభవం బృందంలో అందరికీ పంచబడుతుంది. నలుగురికి పంచితే 40,200లో ఒక్కొక్కరి వాటా 10,050. తరువాతి భాగాలలో ఆ ప్రాణి పక్కన ఇదే 10,050 అనే సంఖ్య మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పాత ఆటలో ఒక్కరికి దక్కిన వాటాయే కొత్త ఆటల్లో దాని గుర్తింపు సంఖ్యగా మారినట్టు కనిపిస్తుంది.

మూడో భాగంలోనే ఆడేవారికీ ఈ ప్రాణికీ మధ్య కొత్త రకం పోరు మొదలైంది. మంత్రగాడికి ‘దొరగొరాము’ అనే మంత్రం ఉంది. దాన్ని వేస్తే మంత్రగాడు డ్రాగన్‌గా మారి, ప్రతి వంతులోనూ తనంతట తానే నిప్పు కక్కుతాడు. మామూలు మంత్రాలన్నిటినీ తిప్పికొట్టే లోహపు శరీరాలు ఆ నిప్పుకు తట్టుకోలేవు. నిప్పు ఎదుట ఉన్న గుంపు మొత్తానికి తగులుతుంది కనుక, పారిపోకుండా మిగిలినవి ఎన్ని ఉంటే అన్నీ ఒకేసారి పడిపోతాయి. ఇది గైడు పుస్తకాల ద్వారా, బడి పిల్లల నోటి మాట ద్వారా పాకిన ఉపాయం. అయితే ఇందులోనూ అనిశ్చితి మిగిలే ఉంది. మంత్రగాడు డ్రాగన్‌గా మారేలోగా ఎన్ని జారిపోతాయో ఎవరూ చెప్పలేరు. ‘దొకుబారి’, అంటే విషపు సూది, కూడా ఈ భాగంలోనే వచ్చింది. ఎంతటి రక్షణ ఉన్నా అది ఒక్క పాయింటు దెబ్బ తప్పకుండా వేస్తుంది, అప్పుడప్పుడు ప్రాణమర్మాన్ని తాకి ఒక్కసారిగా చంపుతుంది. బలమంతా ఎందుకూ పనికిరాని చోట, ఎవరూ కన్నెత్తి చూడని సూది విలువైనదైంది.

1990లో వచ్చిన నాలుగో భాగం కిరీటం పెట్టుకున్న మెటల్ కింగ్‌ను ప్రవేశపెట్టింది. ఆకారం పెద్దది, బహుమతీ పెద్దది, స్వభావం మాత్రం అదే. ఈ భాగంలో ఇంకో ఆసక్తికరమైన పరిస్థితి ఉంది. చివరి అధ్యాయంలో ఫామికామ్ ఆటగాడు తన సహచరులకు నేరుగా ఆజ్ఞలు ఇవ్వలేడు, వారు తమ తెలివి కొద్దీ పోరాడతారు. పిడికిళ్లతో పోరాడే రాకుమారి అలీనాకు క్రిటికల్ దెబ్బలు మిగతావారికన్నా చాలా ఎక్కువగా పడతాయి. అందుచేత లోహపు ప్రాణి ఎదురైనప్పుడు ఆడేవారు చేయగలిగేదల్లా అలీనా వంతు ముందుగా రావాలని కోరుకోవడమే. ఆజ్ఞాపించే అధికారం లేకపోవడం వల్ల ఆ పాత్ర మీద ఏర్పడిన ఆత్మీయత తక్కువదేమీ కాదు.

ఆరో భాగం (1995) నుంచి ‘మజిన్‌గిరి’ అనే నైపుణ్యం కనిపిస్తుంది. అది పడితే క్రిటికల్, లేకపోతే పూర్తిగా గురి తప్పుతుంది. మామూలు శత్రువుల మీద ఇది అంత లాభసాటి కాదు. ముప్పై రెండింట ఒకటి అనే అవకాశాన్ని సుమారు సగానికి తెచ్చే ఈ నైపుణ్యం నిజంగా పనికొచ్చేది లోహపు వేటలోనే. 2004లో వచ్చిన ఎనిమిదో భాగంలో గొడ్డలి పట్టిన యాంగస్‌కూ, ఈటె పట్టిన కథానాయకుడికీ ఇలాంటి నైపుణ్యాలు ఉన్నాయి. ఆ పక్కనే లోహాన్ని ఒకటి రెండు పాయింట్లు తప్పకుండా కోసే ‘మెటల్ కోత’ కూడా ఉంది. అంటే ఆడేవారు యుద్ధంలోకి దిగకముందే, నైపుణ్య పాయింట్లు పంచుకునే దశలోనే రెండు దారులలో ఒకదాన్ని ఎంచుకోవాలి. కొంచెం కొంచెంగా ఖాయంగా తగ్గించడం ఒకటి, అన్నిటినీ ఒక్క దెబ్బకు పణంగా పెట్టడం మరొకటి. ముందు తరం చేతిలో లేని ఈ ఎంపికను సిరీస్ మెల్లమెల్లగా ఆడేవారికి అప్పగిస్తూ వచ్చింది. అయినా ఏ భాగమూ నూటికి నూరు శాతం ఖాయమైన ఆయుధాన్ని మాత్రం సులభంగా చేతికి ఇవ్వలేదు. రూపకర్తలు ఆ హద్దును ఎంత జాగ్రత్తగా కాపాడుతూ వచ్చారో గమనిస్తే, ఈ ప్రాణి విలువ వారికి బాగా తెలుసని అర్థమవుతుంది.

ఆ హద్దు చెరిగిపోతే ఏమవుతుందో 2009 జులై 11న నింటెండో డీఎస్ కోసం వచ్చిన తొమ్మిదో భాగం చూపించింది. ఈ భాగంలో రెండు మార్పులు జరిగాయి. మొదటిది, శత్రువులు అకస్మాత్తుగా ఎదురుకాకుండా మైదానంలో ముందే కంటికి కనిపించడం. అంతకుముందు వేట అంతా అదృష్టపు లెక్కలోనే జరిగేది. తెర మెరిసి యుద్ధం మొదలయ్యేదాకా ఎదుట ఏముందో తెలిసేది కాదు. ఇప్పుడు మెరిసే ప్రాణి దూరంగా కనిపిస్తుంది, వెంటపడితే మైదానంలోనే పరుగు తీస్తుంది. పారిపోవడం యుద్ధపు తెర నుంచి నేల మీదికి వచ్చింది. ఇది నష్టమని పాత తరంవారు కొందరు అనుకోవచ్చు గానీ, వేట అనే మాటకు ఇదే ఎక్కువ దగ్గరగా ఉంది. మాటు వేయడం, వెనకనుంచి చేరడం, మూల మలుపులో పట్టుకోవడం అన్నీ ఇక్కడ నిజంగా చేయవలసిన పనులే.

రెండోది నిధి పటాలు. ఈ భాగంలో పటం అంటే ఒక గుహకు దారి. ఆ గుహ ఆకారం, అంతస్తులు, అందులో తిరిగే రాక్షసులు పటంలో దాగిన కొన్ని సంఖ్యలను బట్టి యంత్రం అప్పటికప్పుడు తయారు చేస్తుంది. అవే సంఖ్యలు ఎవరి యంత్రంలో ఉన్నా అదే గుహ వస్తుంది. ఇద్దరు ఆటగాళ్లు తమ యంత్రాలను జేబులో పెట్టుకుని వీధిలో ఒకరిని ఒకరు దాటి వెళ్లినా, ‘సురెచిగాయి’ అనే వైర్‌లెస్ సౌకర్యం ద్వారా పటాలు ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. ఇలా చేతులు మారిన అసంఖ్యాకమైన పటాలలో ఒకటి ప్రత్యేకమైనది. దాని పదిహేనో అంతస్తులో మెటల్ కింగ్ తప్ప మరో రాక్షసి కనిపించదు. మొదట కనుగొన్న ఆటగాడి పేరుతోనే ఆ పటం పేరుపొందింది. టోక్యోలోని అకిహబారా లాంటి చోట్ల జనం గుమిగూడి, యంత్రాలు తెరిచి పెట్టుకుని, అది తమ దగ్గరికి కూడా రావాలని ఎదురుచూశారు. జపాన్‌లో 40 లక్షలకు పైగా అమ్ముడుపోయిన గేమ్‌లో, ఏ దుకాణంలోనూ అమ్మని ఒక వస్తువు మనిషి నుంచి మనిషికి పాకి దేశమంతా తిరిగింది.

ఆ అంతస్తులో జరిగినదాన్ని రెండు విధాలుగా చూడవచ్చు. తొమ్మిదో భాగంలో ఒక వృత్తిలో చివరి లెవెల్‌కు చేరినవారు మళ్లీ మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టే వీలుంది. ఒక్కో వృత్తిలో పదిసార్ల దాకా అలా చేయవచ్చు కనుక అనుభవ పాయింట్ల ఆకలికి అంతు లేదు. ఆ పటం ఆ ఆకలిని తీర్చింది, మెటల్ కింగ్‌ను గుంపులు గుంపులుగా అందించింది. కానీ ఆ అంతస్తులో మెటల్ కింగ్ అరుదైన ప్రాణి కాదు, అక్కడ ఉన్న ఏకైక ప్రాణి. అది అడవి జంతువు స్థితి నుంచి పొలంలో పంట స్థితికి వచ్చింది. ఒకటి పారిపోయినా బాధ లేదు, పక్కనే మరొకటి ఉంటుంది. అంకెలు మారలేదు, రక్షణ తగ్గలేదు, పారిపోయే గుణమూ పోలేదు. పోయింది ఒక్క అరుదుతనం. అయినా దాని ముఖం చూడగానే గుండె వేగం పెరిగే ఆ అనుభవం అక్కడ మిగలలేదు.

అయితే ఆ అరుదుతనం పూర్తిగా నశించిందని అనలేము. అది ప్రాణి నుంచి పటానికి మారింది. ఆ పటం దొరకడమే ఇప్పుడు వేట అయింది. తెర మీద వెతకవలసినదాన్ని రైల్వే స్టేషన్‌లో, దుకాణాల ముందు, తెలియని మనుషుల మధ్య వెతికారు. ఆడేవారే ఒకరికొకరు అదృష్టమయ్యారు. ఈ ఒక్క కారణం చాలు, తొమ్మిదో భాగాన్ని లోహపు స్లైమ్‌ల చరిత్రలో నష్టంగా కాక ఒక గొప్ప మలుపుగా లెక్కించడానికి.

ఇతర సిరీస్‌లు ఇదే ఆలోచనను తమ తమ రీతిలో తీసుకున్నాయి. 1994లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ ఆరో భాగంలో మొదటిసారి కనిపించిన సాబొతెండా, ఇంగ్లీషులో కాక్ట్వార్, పరుగెత్తుతున్న నాగజెముడు మొక్క. దెబ్బకు దొరకకుండా తప్పుకోవడం దాని గుణం, పారిపోవడం దాని అలవాటు. కానీ దానికి ‘వేయి సూదులు’ అనే దాడి ఉంది, అది సరిగ్గా 1,000 పాయింట్ల ప్రాణాన్ని తీస్తుంది. అందుకే దాన్ని చూస్తే ఆశతో పాటు భయమూ కలుగుతుంది. పోకెమాన్‌లో 1999 నాటి గోల్డ్, సిల్వర్ గేమ్‌ల నుంచి కనిపించే మెరిసే రంగు పోకెమాన్‌లు, 8,192లో ఒకటి చొప్పున ఎదురయ్యేవి, అరుదుతనాన్ని మరో వైపుకు తీసుకుపోయాయి. అవి బలంలో మామూలువాటికన్నా ఎక్కువేమీ కాదు, తేడా రంగులోనే. వాటిని పట్టుకున్నవారికి దక్కేది గర్వం, అనుభవ పాయింట్లు కావు. ఈ రెండింటి మధ్య ఉంచి చూస్తే మెటల్ స్లైమ్ స్థానం స్పష్టమవుతుంది. అది కాక్ట్వార్ అంతగా భయపెట్టదు, అలంకారమూ కాదు. ఆడేవారి ఎదుగుదలకు నేరుగా సంబంధించినది కనుకనే అది పోయినప్పుడు పోయినదేమిటో అంకెతో సహా తెలుస్తుంది.

ఆ లోహానికి గేమ్ ప్రపంచంలో ఇంకో విలువ కూడా ఉంది. హగురె మెటారు డాలు, మెటల్ కింగ్ ఖడ్గం లాంటి పేర్లతో అత్యుత్తమమైన ఆయుధాలు, కవచాలు అనేక భాగాలలో కనిపిస్తాయి. దెబ్బ తగలని శరీరం నుంచి దెబ్బ తగలని కవచం పుడుతుందన్న జానపద తర్కం ఇది, కథలో ఎవరూ వివరించకపోయినా పిల్లలకు కూడా వెంటనే అర్థమయ్యేది.

1992లో వచ్చిన అయిదో భాగం ఈ ప్రాణి విషయంలో అన్నిటికన్నా సున్నితమైన పని చేసింది. ఓడిపోయిన రాక్షసులలో కొన్ని లేచి, కథానాయకుడి కళ్లలోకి చూసి, వెంట వస్తామని అడగడం ఆ భాగంతోనే మొదలైంది. మామూలు స్లైమ్ సులభంగానే తోడు వస్తుంది. హగురె మెటారు కూడా రావచ్చు, కానీ ఎంతో అరుదుగా. ముందు అది ఎదురుపడాలి, పారిపోకుండా ఉండాలి, చనిపోవాలి, ఆ తరువాత లేవాలి. ఇన్ని ‘అయితే’లు దాటి అది లేచిన రోజున, దాని పేరు హగురిన్ అని తెలుస్తుంది. అప్పటిదాకా దానికి ఉన్నది జాతి పేరు మాత్రమే. బండిలోకి ఎక్కాక కూడా దాని ప్రాణం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతే ఉంటుంది, రక్షణ మాత్రం ఎవరికీ అందనంత. తండ్రిని పోగొట్టుకుని, బానిసగా ఏళ్లు గడిపి, తల్లిని వెతుకుతూ తిరిగే ఆ కథానాయకుడి బండిలో, మందను తప్పిన ఆ లోహం మిగతావారి పక్కన కూర్చుని ఉంటుంది. ఇప్పుడు దాని వంతు వచ్చినప్పుడు తెర మీద కనిపించే ఆజ్ఞల పట్టికలో పోరాడడం, కాచుకోవడం వంటి మాటలుంటాయి. వాటిలో ఏది ఎంచుకున్నా అది ఆడేవారి పక్షాన్నే నిలబడుతుంది.